డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ వచ్చిందా, ముందు అందులో బోదెలు (నీళ్లు పోయే చిన్న కాలవలు) ఉన్నాయో లేదో చూస్కోండి

మా భీమవరం చుట్టూ ఒకప్పుడు చేలూ చెరువులూ ఉన్నచోట ఇప్పుడన్నీ వెంచర్లే, ఊరన్నాక పెరుగుతుంది అది తప్పు కాదు, నీళ్లు పోయే దారి మీద పెరగడమే తప్పండి. అందుకే ఊళ్లో ఎక్కడ ఏం రావాలో చూపించే మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ మీద అభ్యంతరాలు చెప్పమని నోటిఫికేషన్ పడగానే లైట్ తీస్కోకండి, అందులో గడువు తేదీ ఉంటుంది, ప్లాన్ ఫైనల్ అయిపోయాక ఒక్క ముక్క మార్చాలన్నా ఫైలు ప్రభుత్వం దాకా వెళ్లాలి.

ముందు మీ వీధి సర్వే నంబరు తెలుసుకుని మున్సిపల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర మ్యాప్ చూడండి. అందరూ తమ సైటు ఏ రంగులో ఉందో, అంటే ఇళ్లకా పొలానికా దేనికి కేటాయించారో చూసి వచ్చేస్తారు, అది చాలదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మన డెల్టాలో కాలవ మెరక మీద వస్తుంది, మురుగు పల్లంలో బోదెల గుండా యనమదుర్రు లాంటి డ్రైన్లలోకి దిగుతుంది, కాబట్టి మీ పక్క బోదె మ్యాప్‌లో ఉందా లేదా అన్నదే అసలు సంగతి. సర్వే నంబరు హద్దులూ కొలతలూ చూపించే ఎఫ్‌ఎంబీ స్కెచ్ తీస్కుని పోల్చండి, పాత రైతునో కాలవల మీద పనిచేసే లస్కరునో వెంటబెట్టుకుని ఓసారి నడిచి చూడండి.

మ్యాప్‌లో లేకపోతే ఏమవుతుందో మా వీధి చివర బోదె దగ్గర చూశాం, పక్క సైటుకి మెరక తోలించినప్పుడు రెండు తూములు పడేసి పైన మట్టి కప్పేశారు, ఆ ఏడు వానకి నీళ్లు వెనక్కి తన్ని మా అమ్మ వంటింట్లో బియ్యం డబ్బా తేలింది, వెళ్లి అడిగితే మ్యాప్‌లో అక్కడ బోదే లేదన్నారు. డ్రాఫ్ట్ పెట్టినప్పుడు మాలో ఒక్కరం చూళ్లేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

అర్జీ ఒక పేజీ చాలు. సర్వే నంబరు, ప్లాన్‌లో ఏముంది, నేల మీద ఏముంది, ఏం కావాలి, అంటే "ఈ బోదెని ఉన్న వెడల్పుతో డ్రైనుగా చూపించండి" అని సూటిగా రాయండి. ఇంటికొకరు విడివిడిగా ఇవ్వండి, తేదీతో స్టాంపు వేయించుకుని కాపీ దాచుకోండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టి మీ అర్జీ మీద ఏం నిర్ణయించారో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి.

అర్జీకి ఫోటోలు కూడా పెట్టండి, ఎండలో తీసినవి కాదు, జోరు వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో కనపడేలా తీయండి.