ప్రకృతి ఫోటోగ్రఫీ – 6వ పాఠం: తెలుపు మాడిపోకుండా

పోయిన పాఠంలో జలపాతానికి షట్టర్ అర సెకను పెట్టమన్నాను. పెట్టినవాళ్ళలో చాలామందికి నీటి పోగులు కనబడాల్సిన చోట సున్నం కొట్టిన గోడ కనబడింది. వెలుతురు లెక్క చెప్పకుండా సెకన్లు చెప్పడం ఆ పాఠంలో లోపం. ఈసారి పిట్టల దగ్గరికి వెళ్దామనుకున్నాం గానీ, ముందు ఇది తేల్చాలి.

ఎత్తిపోతల జలపాతం దగ్గర మిట్టమధ్యాహ్నం నిలబడ్డారనుకోండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరు) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం; అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్ 16 పెడితే ఎండలో షట్టర్ 1/125 దగ్గర సరిపోతుంది. అక్కణ్ణించి అర సెకనుకు రావాలంటే 1/60, 1/30, 1/15, 1/8, 1/4, 1/2: ఆరు మెట్లు. మెట్టు మెట్టుకీ వెలుతురు రెట్టింపవుతుంది, అంటే మొత్తం 64 రెట్లు. మీ సంచిలో ఉన్న ఎన్‌డీ 8 ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే, వెలుతురు తగ్గించే అద్దం) ఆపేది మూడు మెట్లే. మిగిలిన మూడూ వెళ్ళి నీటి మీదే పడ్డాయి. షట్టర్ మోడ్‌లో (షట్టర్ మనం పెడితే అపెర్చర్ కెమెరా ఎంచుకునేది) తీసేటప్పుడు అపెర్చర్ అంకె మినుకుమినుకుమంటూ ఉండుంటుంది. ఇంతకన్నా మూయలేనని కెమెరా చెప్పే మాట అది.

ఆరు మెట్లూ ఆపే ఎన్‌డీ 64 కొనక్కర్లేదు. ఎండ కొండ చాటుకు పోయాక తీయండి. నీడలో వెలుతురు దాదాపు నాలుగు మెట్లు తగ్గుతుంది కాబట్టి ఎఫ్ 11, ఎన్‌డీ 8తో అర సెకను దొరుకుతుంది. నా మటుకు ఎన్‌డీ తీసి పక్కనపెట్టి పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటే బిగిస్తాను. తడి బండల మీది మెరుపు తీసేస్తుంది, ఒకటిన్నర మెట్టు వెలుతురూ ఆపుతుంది. షట్టర్ పావు సెకనుకు దగ్గర్లో పడుతుంది. ధార పోగులు పోగులుగా నిలిచేది అక్కడే. ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ సంగతి మీకు తెలిసిందే.

నీడలో తీసినవాళ్ళకి కూడా ధార నడుమ తెల్లమచ్చ పడింది కదా, దానికి కారణం వేరు. ‘తెల్లటి వస్తువైతే ప్లస్ వెయ్యి’ అనే సూత్రం. ప్లస్, మైనస్ అంటే కెమెరా లెక్కకన్నా అన్ని మెట్లు వెలుతురు పెంచమనో తగ్గించమనో చక్రం తిప్పి చెప్పడం. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఇది పాడుచేసినన్ని ఫోటోలు ఇంకేదీ చేయలేదు. అది సగం నిజం. వెలుతురు కొలిచే కెమెరా మీటరుకు కొంగా తెలీదు, నీరూ తెలీదు. ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదైతే దాన్ని మధ్యరకం బూడిదరంగుకు లాగుతుంది. ఫ్రేము నిండా తెలుపుంటే బూడిదగా దించేస్తుంది, అప్పుడు ప్లస్ వెయ్యాల్సిందే. ఫ్రేము నిండా నల్లటి బండలుండి నడుమ సన్నటి ధార ఉంటే, బండల్ని వెలిగించబోయి ధారను మాడ్చేస్తుంది. అక్కడ మైనస్ వెయ్యాలి.

పొలంలో గేదె వీపు మీద కొంగ వాలిందనుకోండి. ఫ్రేములో ముప్పాతిక గేదే. మీటరు ఆ నలుపును బూడిదకు తెచ్చేసరికి కొంగ మెడకూ వీపుకూ మధ్య గీతే పోతుంది, ఈకలన్నీ కలిసి ఒక కాగితం ముక్క అవుతాయి. మైనస్ ఒకటిన్నర వేస్తే గానీ ఈక తిరిగిరాదు. అదే కొంగ ఎగిరి మబ్బు పట్టిన తెల్లటి ఆకాశంలోకి వెళ్తే ఈసారి ముదురు బూడిదగా వస్తుంది. ప్లస్ ఒకటి కావాలి. లేత వరి మీదుగా పోతుంటే చిన్న మైనస్. కొంగ మారలేదు, వెనకున్నది మారింది.

ఎగిరే పిట్ట వెనక ఆ చక్రం తిప్పుతూ కూర్చోలేం. అందుకే అన్నీ మన చేత్తోనే పెట్టుకునే మాన్యువల్ మోడ్. ఐఎస్ఓను కెమెరాయే మార్చుకునే ఆటో ఐఎస్ఓ తీసేయండి. అదుంటే మాన్యువల్‌లోనూ మీటరు పెత్తనమే నడుస్తుంది. స్పాట్ మీటరింగ్ (చిన్న చుక్క మేర మాత్రమే వెలుతురు కొలిచేది) పెట్టి, మధ్య చుక్కను ఎండ పడిన కొంగ వీపు మీద ఉంచి, మీటరు స్కేలు ప్లస్ ఒకటిన్నర చూపించేదాకా షట్టర్ తిప్పండి. మంచి ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్ 8 పెడితే 1/3200 దగ్గర ఆగుతుంది. ఎండ మారేదాకా ఇక దాన్ని ముట్టుకోవద్దు. సరిచూసుకోవడానికి తెర వెలుగును నమ్మకండి, ఎండలో అది అబద్ధం చెబుతుంది. తెలుపు మాడిన చోట్లు మినుకుమంటూ చూపే హైలైట్ హెచ్చరిక పెట్టుకుని, కొంగ మీద నల్లమచ్చలు కొట్టుకుంటే షట్టర్ వేగం ఒక మూడో వంతు మెట్టు పెంచండి.

కొల్లేరు పక్షుల కేంద్రం ఆటపాకలో బోటెక్కినా ఇదే పద్ధతి. గూళ్ళ దగ్గరికి పోనివ్వమని మాత్రం బోటతన్ని అడగొద్దు. తల్లి లేస్తే పిల్లలు ఎండకు మాడతాయి.

సాధన: ఒకే ఉదయం, ఒకే ఎండలో కొంగను ఆకాశం, వరి, గేదె ముందు తీయాలి. మొదట అపెర్చర్ మోడ్‌లో మూడు చోట్లా తీసి, కెమెరా ఎంచుకున్న షట్టర్‌లు కాగితం మీద రాసుకోండి. తర్వాత మాన్యువల్‌లో ఒకే ఎక్స్‌పోజర్‌తో మూడూ మళ్ళీ తీయండి. మూడూ ఒకే ఉదయం దొరకడానికి నాలుగైదు ఉదయాలు తిరగాల్సి రావచ్చు. మూడింటిలోనూ కొంగ తెలుపు ఒకేలా ఉండాలి, రెక్క ఈకలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉండాలి. గేదె నల్లటి ముద్దగా వస్తే రానివ్వండి.