కాలనీ కుంటను బాగు చేయించాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

హైదరాబాద్‌లో కాలనీల మధ్య ఇరుక్కుపోయిన కుంటలు చాలానే ఉన్నాయి. ఒకప్పుడు పొలాలు పారించినవే. ఇప్పుడు చుట్టూ గ్రిల్, పక్కన వాకింగ్ ట్రాక్, నీళ్ళ మీద గుర్రపు డెక్క. బాగు చేద్దామని కాలనీ సంఘం కూర్చోగానే ఫౌంటెన్, రంగు లైట్లు, సెల్ఫీ పాయింట్ అంటూ మొదలుపెడతారు. అవన్నీ ఆఖర్న చూసుకోవచ్చు. కుంటలోకి ఏ నీళ్ళు వస్తున్నాయో తేలకుండా పెట్టే ప్రతి రూపాయీ వృథానే.

1. హద్దులు తేల్చుకోండి

ఎఫ్‌టీఎల్, అంటే కుంట పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు వస్తాయో చూపే గీత, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఉంటుంది. దాన్ని రెవెన్యూ గ్రామ పటంతో సరిచూసుకోండి. ఎఫ్‌టీఎల్ దాటాక, 10 హెక్టార్లలోపు చెరువులకు 9 మీటర్లు, అంతకు మించినవాటికి 30 మీటర్లు బఫర్ జోన్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. జిమ్ షెడ్డు, టాయిలెట్లు దానికి బయటే గీయించండి.

2. నీళ్ళ దారి పట్టుకోండి

అసలు పని ఇదే, తొందరపడకండి. ఏప్రిల్‌లో, వాన జాడ లేని రోజున, పొద్దున ఏడింటికి కుంట చుట్టూ నడవండి. ఇళ్ళల్లో స్నానాలు, బట్టలు ఉతకడం సాగే వేళ అది. అప్పుడు ఏ పైపులోంచైనా నీళ్ళు పారుతున్నాయంటే దాదాపుగా అది డ్రైనేజీయే. సబ్బు నురగ, వాసన చూస్తే ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ప్రతి పైపునూ ఫోటో తీసి మ్యాపులో గుర్తు పెట్టండి.

జూన్‌లో గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని మళ్ళీ వెళ్ళండి. వాన నీళ్ళు ఏ వీధి నుంచి వస్తున్నాయి, ఎక్కడ గోడ అడ్డం పడి పక్కకు మళ్ళుతున్నాయి, కుంట నిండాక మిగులు నీళ్ళు బయటికి పోయే అలుగు దగ్గర పారుతున్నాయా, పూడుకుపోయిందా? డ్రైనేజీ ఆపేశాక కుంటను నింపాల్సింది ఈ వాన నీళ్ళే కాబట్టి లెక్క కూడా వేయండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 10 ఎకరాల కాలనీలో 20 మిల్లీమీటర్లు కురిస్తే సుమారు 8 లక్షల లీటర్లు. అందులో సగం కుంటకు చేరినా 4 లక్షలు.

3. పూడిక, నీళ్ళ నాణ్యత కొలవండి

పొడవాటి వెదురు గడకు అడుగుకో గీత గీయండి. గడ మెత్తటి బురదను తాకినచోట ఒక కొలత, గట్టి నేల తగిలినచోట ఇంకో కొలత. తేడాయే పూడిక. ఈ పని తెప్ప మీద లైఫ్ జాకెట్‌తో, ఈత వచ్చినవాళ్ళే చేయాలి, పిల్లల్ని దింపొద్దు. ఎకరం కుంటలో అర మీటరు పూడిక అంటే దాదాపు 2,000 ఘనపు మీటర్లు, పది ఘనపు మీటర్ల టిప్పర్లయితే 200 ట్రిప్పులు. ఎంత ఖర్చో ఇక్కడే తెలిసిపోతుంది.

నీళ్ళలో ఆక్సిజన్‌ను తెల్లవారకముందు కొలిపించండి, అప్పుడే అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలకు లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. పూడిక మట్టిని ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా పొలాలకు పంపొద్దు. ఊరి చెరువు మట్టి పొలానికి బలమే, కానీ మురుగు చేరిన మట్టిలో భారలోహాలు ఉండొచ్చు.

4. పనుల వరుస రాసుకోండి

ముందు మురుగు మళ్ళింపు, తర్వాత పూడికతీత, ఆ తర్వాతే గట్లు, మొక్కలు. వరుస తప్పితే తీసిన గుర్రపు డెక్క కొన్ని వారాల్లోనే మళ్ళీ కమ్మేస్తుంది, దానికి మేత ఆ మురుగే మరి. పూడికతీత ఫిబ్రవరి నుంచి మే లోపు ముగిసేలా టెండర్ పనులు ముందే కానివ్వండి. కట్ట, తూము, అలుగు డిజైన్ మాత్రం ఇంజినీరే చూడాలి.

మురుగు మళ్ళించినా కొంత మిగిలితే, మొక్కలు నాటి నీళ్ళ మీద తేలేలా వదిలే తెప్పలు పనికొస్తాయి, ఆ మురుగును మొక్కల వేళ్ళు పీల్చుకుంటాయి. నెక్నాంపూర్ చెరువులో 2018లో అలాంటిది పెట్టారు. కానీ పైపులు అలాగే వదిలేసి తెప్ప ఒక్కటీ పెడితే లాభం లేదు.

5. ఒడ్డును ఒడ్డులా ఉండనివ్వండి

చుట్టూ నిలువుగా కాంక్రీటు గోడ కట్టడం నాకు అస్సలు నచ్చదు. వీలైనచోట వాలుగా వదిలి తుంగ, జమ్ము పెరగనివ్వండి, కొంగలూ కప్పలూ వస్తాయి. కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు వద్దు, వేళ్ళ వెంట నీళ్ళు ఊరుతాయి. బతుకమ్మలు వదలడానికి ఒకవైపు మెట్లు ఉంచండి, మర్నాడు పూలు తీసేలా మనిషిని పెట్టండి. వినాయకుళ్ళకు పక్కన విడిగా చిన్న కొలను కావాలి. చేపల మీద హక్కున్న మత్స్య సహకార సంఘం ఉంటే, డ్రాయింగ్ ఖాయం కాకముందే వాళ్ళతో మాట్లాడండి.

6. ఎవరు చూసుకుంటారో కాగితం మీద పెట్టండి

ఎస్టిమేట్‌లో కనీసం మూడేళ్ళ నిర్వహణ ఖర్చు కలపండి. నాలా కలిసేచోట చెత్త ఆపే ఇనప జాలీ పెట్టించి, వానాకాలంలో ప్రతి పెద్ద వాన తర్వాత దాన్ని శుభ్రం చేసే మనిషి పేరు, జీతం, అతను రాకపోతే వచ్చే రెండో మనిషి పేరు కూడా ప్లాన్‌లోనే రాయండి.