ఫుట్‌బాల్ ఆడే మీ వాడి డిగ్రీని ఇలా ప్లాన్ చేయండి

డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు నుంచి మనవాళ్లు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "మేడమ్, మా వాడు హైస్కూల్ టీమ్‌లో ఉన్నాడు, కాలేజీలో కూడా ఆడతానంటున్నాడు. చదువు ఏమైపోతుందో అని టెన్షన్‌గా ఉంది." నేను ఒక అమెరికన్ యూనివర్సిటీలో క్రీడాకారుల చదువు చూసే ఆఫీసులో పనిచేస్తాను. హన్మకొండలో ఇంజనీరింగ్ అయ్యాక ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చి, ఖర్చుల కోసం ఫుట్‌బాల్ కుర్రాళ్లకు కాలిక్యులస్ చెప్పేదాన్ని. ఆ పార్ట్‌టైమే ఉద్యోగమైంది. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ హెల్మెట్ పెట్టుకుని ఆడేదే.

కాలేజీలో ఆడినవాళ్లలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) దాకా వెళ్లేవాళ్లు నూటికి ఇద్దరు కూడా ఉండరు. ఇది చెబితే తండ్రులు "అందుకే వద్దంటున్నా" అంటారు, కొడుకులు "ఆ ఇద్దరిలో నేనుంటా" అంటారు. ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఈ ఆట ఆడి తర్వాత జడ్జిలు, డాక్టర్లు, ప్రొఫెసర్లు అయినవాళ్ల చరిత్రలు చూస్తే ఒకటి తెలుస్తుంది. వాళ్లు ఆట అయిపోయేదాకా ఆగి చదువు మొదలుపెట్టలేదు, చదువు కోసం ఆట మానేయనూ లేదు. రెండూ ఒకేసారి నడిపారు. అలా నడపడానికి ముందే ప్లాన్ కావాలి.

తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టండి. డివిజన్ 1లో, అంటే కాలేజీ ఆటల పై స్థాయిలో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) పూర్తవ్వాలి, వాటిలో 2.3 జీపీఏ (4కి వచ్చే గ్రేడ్ల సగటు) ఉండాలి. ఆ 16లో 10 కోర్సులు సీనియర్ ఇయర్ (పన్నెండో తరగతి) మొదలయ్యేలోపే అయిపోవాలి. మన పిల్లలకు 2.3 పెద్ద లెక్క కాదు. ఇబ్బంది వచ్చేది ఎక్కడంటే, స్కూల్లో తీసుకున్న ప్రతి కోర్సునూ ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) కోర్ కోర్సుగా లెక్కపెట్టదు. మీ స్కూల్లో ఏవి లెక్కలోకి వస్తాయో కౌన్సెలర్ దగ్గర లిస్టు అడిగి తీసుకోండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఎంచుకోవడం. కాలేజీలో చేరాక 40-60-80 అని ఒక రూల్ ఉంది. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేయకపోతే ఆడనివ్వరు. ఆ శాతం లెక్కగట్టేది ఎంచుకున్న మేజర్‌ను బట్టే. కుర్రాడు ముందు సులువైన మేజర్‌లో చేరి, మూడో ఏడాదిలో బయాలజీకి మారతానన్నాడనుకోండి. అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు చాలావరకు కొత్త డిగ్రీకి పనికిరావు, 60 శాతం అందదు, మైదానంలోకి దిగలేడు. అందుకే భయపడి ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోతారు. కష్టమైన మేజర్ నుంచి సులువైనదానికి దిగడం కుదురుతుంది, ఎక్కడం దాదాపు కుదరదు. కాబట్టి మెడిసిన్ మీదో ఇంజనీరింగ్ మీదో కొంచెం ఆశ ఉన్నా మొదటి ఏడాదిలోనే కెమిస్ట్రీ, కాలిక్యులస్ తీసుకోమనండి. "మొదటి ఏడాది తేలిగ్గా ఉంచుదాం" అని ఎవరైనా తియ్యగా చెబితే, ఆ తేలిక ఎవరి కోసమని అడగండి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు స్టేడియం, జిమ్, లాకర్ రూమ్ వాళ్లే చూపిస్తారు. మీరు అడగాల్సినవి వేరే. ప్రాక్టీస్ పొద్దునా, మధ్యాహ్నమా? సైన్స్ ల్యాబ్‌లు ఎక్కువగా మధ్యాహ్నాలే ఉంటాయి. ఇప్పుడున్న టీమ్‌లో ఇంజనీరింగ్, ప్రీ-మెడ్ (మెడిసిన్‌కు ముందు చదివే కోర్సులు) చదివేవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఒకరితో కోచ్ పక్కన లేకుండా మాట్లాడనిస్తారా? రూల్ ప్రకారం సీజన్‌లో ఆటకు వారానికి 20 గంటలే. కానీ మ్యాచ్ రోజంతా పోయినా దాన్ని 3 గంటలుగానే రాస్తారు, ప్రయాణం అసలు లెక్కలోకి రాదు. అసలు టైమ్‌టేబుల్ ఆడే కుర్రాడి ఫోన్‌లో ఉంటుంది, అది చూపించమనండి. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటివి) కాలేజీలూ, కింది స్థాయి అయిన డివిజన్ 3 కాలేజీలూ ఆట మీద స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం వేరే ఉంటుంది. మనవాళ్లు డివిజన్ 3 అనగానే మొహం చిట్లిస్తారు గానీ, చదువే ముఖ్యమనుకునే ఇంటికి అది మంచి దారి అని నా అభిప్రాయం.

సమ్మర్‌ని వదలకండి. ఫుట్‌బాల్ కుర్రాళ్లు వేసవిలో ఎలాగూ క్యాంపస్‌లోనే ఉంటారు కాబట్టి అప్పుడే రెండు కోర్సులు లాగేయొచ్చు. ఫ్లోరిడా స్టేట్‌లో ఆడిన మైరన్ రోల్ రెండున్నరేళ్లలో డిగ్రీ ముగించాడు. పెన్ స్టేట్‌లో జాన్ అర్షెల్ మూడేళ్లలో గణితంలో డిగ్రీ పూర్తి చేసి, ఆడుతూనే మాస్టర్స్ చేశాడు, క్లాసులో పాఠాలు కూడా చెప్పాడు. వీళ్లు మామూలు కుర్రాళ్లు కారు, ఒప్పుకుంటాను. కానీ పద్ధతి అందరికీ పనికొస్తుంది. సీజన్ నడిచే సెమిస్టర్‌లో 12 క్రెడిట్లు, ల్యాబ్ ఉన్న కోర్సులు జనవరి తర్వాత, మిగిలింది వేసవిలో.

ఆఫ్‌సీజన్‌ని ఎలా వాడాలో అలాన్ పేజ్‌ని చూసి నేర్చుకోవాలి. నోటర్‌డామ్‌లో ఆడి 1967లో మినెసోటా వైకింగ్స్‌లో చేరాడు. 1971లో లీగ్ మొత్తానికే ఎంవీపీ (ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు), అదీ డిఫెన్స్‌లో ఆడి. లా చదవాలని చేరి మొదటిసారి కొద్ది వారాల్లోనే మానేశాడు. తర్వాత మళ్లీ యూనివర్సిటీ ఆఫ్ మినెసోటాలో చేరి, ఆడుతూనే 1978లో డిగ్రీ తీసుకున్నాడు. చివరి సీజన్లలో షికాగో బేర్స్‌కి ఆడుతూ, ఆఫ్‌సీజన్‌లో లాయర్‌గా పనిచేశాడు. 1981లో ఆట మానేసే రోజుకు చేతిలో ఇంకో వృత్తి సిద్ధంగా ఉంది. 1993 నుంచి 2015 దాకా మినెసోటా సుప్రీంకోర్టు జడ్జి. మొదటిసారి మానేసిన విషయం పిల్లలకు చెప్పండి, మన ఇళ్లలో ఒకసారి డ్రాప్ అయితే ఇక అయిపోయిందనే అనుకుంటారు.

వాయిదా అడగడానికి మొహమాటపడొద్దు. బైరన్ వైట్ కొలరాడోలో చదివినప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్, ఎన్‌ఎఫ్‌ఎల్ కాంట్రాక్టు రెండూ వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లడం కొన్ని నెలలు వాయిదా వేసుకుని 1938 సీజన్ ఆడాడు, బంతితో పరిగెత్తి సాధించిన గజాల్లో లీగ్‌లోనే మొదటివాడయ్యాడు. తర్వాత యేల్‌లో లా చదువుతూ మళ్లీ ఆడాడు. 1962 నుంచి 31 ఏళ్లు అమెరికా సుప్రీంకోర్టులో ఉన్నాడు. రోల్ అయితే 2008లో రోడ్స్ ఇంటర్వ్యూ, మేరీల్యాండ్‌తో మ్యాచ్ ఒకే రోజు పడితే, అలబామాలో ఇంటర్వ్యూ ముగించి విమానమెక్కి, ఆట సగంలో ఉండగా మైదానం చేరాడు. ముందే చెబితే కోచ్‌లు, ప్రొఫెసర్లు అనుకున్నదానికంటే ఎక్కువే సర్దుకుంటారు. చివరి నిమిషంలో ఈమెయిల్ పెడితే ఎవరూ సర్దుకోరు.

ప్రొఫెషనల్ ఆఫర్ వచ్చినా తీసుకోవాలని లేదు. మిషిగన్‌లో సెంటర్‌గా ఆడిన జెరల్డ్ ఫోర్డ్‌ని డెట్రాయిట్, గ్రీన్‌బే రెండు జట్లూ పిలిచాయి. ఆయన యేల్‌లో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం తీసుకున్నాడు, అక్కడి లా స్కూల్ మీద కన్నేసి. కోచ్ పని చేస్తూ లా ఎలా చదువుతావని మొదట సీటివ్వలేదు. 1938లో ఇచ్చారు, 1941లో ముగించాడు. ప్రెసిడెంట్ కావడం తర్వాతి సంగతి. ఈ రోజుకీ కోచింగ్ స్టాఫ్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరితే సాధారణంగా మాస్టర్స్ ఫీజు కలిసొస్తుంది.

తల సంగతి. పెన్ స్టేట్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడుతున్న అర్షెల్‌కు 2015లో ట్రైనింగ్ క్యాంపులో తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరిపోవడం) అయింది. కొన్నాళ్లు పెద్ద లెక్కలు చేయలేకపోయానని ఆయనే చెప్పాడు. 2017లో 26 ఏళ్లకే ఆట వదిలేసి, ఎంఐటీలో పీహెచ్‌డీ పూర్తి చేసి, అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు. మీ వాడికి దెబ్బ తగిలితే ప్రాక్టీస్‌కే కాదు, క్లాసులకూ పరీక్షలకూ విరామం దొరుకుతుంది. ట్రైనర్ రిపోర్టు చదువుల ఆఫీసుకు చేరిందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. నొప్పి దాచుకోవడం మగతనం కాదని అమ్మ కాదు, నాన్నే చెప్పాలి.

వీసా ముడి మనవాళ్లకే ప్రత్యేకం. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. కానీ మీ వాడు హెచ్4 (హెచ్1బీ వాళ్ల పిల్లల వీసా) మీదో ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీదో ఉంటే అది ఉద్యోగం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఊళ్లో రెస్టారెంట్ వాళ్లు ఇచ్చే చిన్న మొత్తమైనా సరే, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. హెచ్4 అయితే 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్1కి మారాలి, అది సరిగ్గా సీజన్ మధ్యలో పడుతుందేమో ఇప్పుడే క్యాలెండర్‌లో చూసుకోండి.

చివరి ఏడాదిలో అడగాల్సింది ఒకటుంది. నేషనల్ ఫుట్‌బాల్ ఫౌండేషన్ పై చదువులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది, అందులో మొదటివాడికి క్యాంప్‌బెల్ ట్రోఫీ. 2013లో అది అర్షెల్‌కే వచ్చింది. జీపీఏ కనీసం 3.2 ఉండాలి, పేరు పంపాల్సింది కాలేజీ. ఆటలో స్టార్ కాని కుర్రాడి పేరు ఎవరికీ గుర్తు రాకపోవచ్చు, కాబట్టి చివరి సీజన్‌కు ముందు వేసవిలోనే మా లాంటి ఆఫీసుకు వెళ్లి, ఈసారి ఎవరి పేరు పంపుతున్నారని అబ్బాయినే అడగమనండి.