రెండు భాషల మధ్య థ్రెడ్లు – 4వ పాఠం: నిద్రపోయే లూప్

ఎనుమాముల మార్కెట్‌లో ఓ అడ్తిదారు కోసం రాస్తున్నట్టు మొదలుపెట్టిన కాంటా ప్రోగ్రాంనే ముందుకు తీసుకెళ్దాం. ఎలక్ట్రానిక్ కాంటా నుంచి మిర్చి బస్తా బరువు చదివేది సీ లైబ్రరీ, అది తన సొంత థ్రెడ్‌లో (ప్రోగ్రాంలోనే విడిగా సాగే పనుల వరుసలో) నడుస్తుంది. తక్‌పట్టీ (తూకం చీటీ) ప్రింట్ చేసేది పైథాన్, అది అసింక్‌ఐఓ లూప్ మీద, అంటే క్యూలోని పనులను ఒక్కొక్కటిగా నడిపే పైథాన్ లూప్ మీద నడుస్తుంది. తూకం నిలకడగానే సీ థ్రెడ్ మన కాల్‌బ్యాక్‌ను, అంటే మనం ముందే ఇచ్చిపెట్టిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ తూకం కోసం పైథాన్ వైపు ఒక ఫ్యూచర్ (తర్వాత రాబోయే ఫలితానికి ఉంచిన ఖాళీ పెట్టె) ఎదురుచూస్తుంటుంది.

ఆ కాల్‌బ్యాక్‌లోనే ఆ పెట్టెలో ఫలితం వేసే ఫ్యూచర్.సెట్_రిజల్ట్ అని రాసేస్తే? ఎర్రర్ రాదు. తక్‌పట్టీ కూడా రాదు! కాసేపటికి వేరే పనేదో లూప్‌ను కదిపితే అప్పుడు పాత తూకం ఊడిపడుతుంది. అసలు టెన్షన్ ఇదే: ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు.

పని లేనప్పుడు లూప్ ఆపరేటింగ్ సిస్టం దగ్గర నిద్రపోతుంది. లినక్స్‌లో అయితే ఈపోల్ మీద, అంటే ఏదైనా కదలిక వస్తే లేపే ఏర్పాటు మీద. సెట్_రిజల్ట్ తర్వాతి పనిని క్యూలో వేస్తుందే కానీ లూప్‌ను లేపదు. పైథాన్ లోపలి తాళం జిల్ ఉంది కదా, అది చూసుకోదా అంటారేమో. రెండు థ్రెడ్లు ఒకేసారి పైథాన్ కోడ్ నడపకుండా చూడటం వరకే దాని పని.

కాల్‌బ్యాక్‌లో ఈ ఒక్క లైను చాలు (టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి):

లూప్.కాల్_సూన్_థ్రెడ్‌సేఫ్(ముగించు, ఫ్యూచర్, గ్రాములు)

ఇది 'ముగించు' అనే మన ఫంక్షన్‌ను క్యూలో వేసి, లూప్ తన కోసమే తెరిచిపెట్టుకున్న సాకెట్ జతలో (ఒక కొసన రాస్తే రెండో కొసన అందే దారిలో) ఒక బైట్ రాస్తుంది. దాంతో ఈపోల్ లేస్తుంది. ఇక 'ముగించు' నడిచేది లూప్ సొంత థ్రెడ్‌లో కాబట్టి సెట్_రిజల్ట్ అక్కడ పిలవాలి. దానికి ముందు ఫ్యూచర్ అప్పటికే ముగిసిందేమో ఫ్యూచర్.డన్() తో చూడండి. చూడకుండా పిలిస్తే, ఈలోపు ఎవరైనా దాన్ని రద్దు చేసి ఉంటే ఇన్‌వ్యాలిడ్‌స్టేట్‌ఎర్రర్ వస్తుంది.

పైథాన్ నుంచి సీ లైబ్రరీని పిలవడానికి సీటైప్స్ మాడ్యూల్ వాడేవాళ్లకు ఇంకో మాట. అందులోని సీఫంక్‌టైప్‌తో, సీ పిలవగలిగేలా చేసిన కాల్‌బ్యాక్‌ను ఒక వేరియబుల్‌లో దాచుకోండి. లేకపోతే ఎవరూ వాడటం లేదనుకుని గార్బేజ్ కలెక్టర్ దాన్ని మెమరీలోంచి ఎత్తేస్తుంది, సీ థ్రెడ్ పిలిచిన క్షణాన ప్రోగ్రాం మొత్తం కూలిపోవచ్చు.

అభ్యాసం: అసింక్‌ఐఓ డీబగ్ మోడ్‌ను ఆన్ చేసే పైథాన్‌అసింక్‌ఐఓడీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి, కావాలనే పాత తప్పు పద్ధతిలో (కాల్‌బ్యాక్‌లోనే సెట్_రిజల్ట్ పిలిచి) నడపండి. ఇందాక మౌనంగా ఉన్న లూప్ ఇప్పుడు రన్‌టైమ్‌ఎర్రర్ చూపిస్తుంది.

ప్రోగ్రాం మూసేటప్పుడు సీ థ్రెడ్‌ను ముందు ఆపాలా, లూప్‌నా? అది 5వ పాఠంలో.