అర్థం కాని సినిమా చూడడం ఎట్లా – 4వ పాఠం: యాష్‌ట్రే యాడుంది?

ఈసారి అద్దాల గురించి చెప్తానన్నా కదా, చెప్పడం లేదు. పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూసినాక అద్దాలు ఇప్పుడప్పుడే వద్దులే అనిపించింది. డేవిడ్ లించ్ తీసిన సినిమా "మల్‌హాలండ్ డ్రైవ్‌లో నీలం వస్తువులు గమనించండి" అన్నా, ఆ మాటనడం నా తప్పే, ఒకాయన ఆకాశంతో సహా రెండు పేజీలు రాసి కింద "నీలం అంటే విషాదం" అని గీత గీసి పంపినాడు. ఇంకొకామె ఒక్క ముక్కలో తేల్చేసింది, "అంతా కలే సార్". మిగతావాళ్లలో సగం మంది వివరణ వీడియోలు చూసి రాసినారు, ఆరుగురి జవాబుల్లో అదే వాక్యం అదే తప్పుతో ఉంటే నాకు తెలీదా ఏంది.

"అంతా కలే" అనేది జవాబు కాదు. అనంతపురం బస్టాండులో ఈ బస్సు యాడికి పోతాదప్పా అంటే రోడ్డు మీద పోతాది అన్నట్టుంటాది. కలే, సరే. ఎవరి కల, ఎప్పుడు కన్నది, దాంట్లోకి సరుకు యాడ నుంచి వచ్చింది? అది చెప్పాల.

కథ మళ్లీ చెప్పను, చూడనివాళ్లు చూసి రండి. కలలో బెట్టీ, నిజంలో డయాన్, ఇద్దరినీ వేసింది నటి నయోమీ వాట్సే అనే సంగతి కూడా మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి ఉంది. "మొదటి రెండు గంటలు కల, డయాన్ నిద్ర లేచినాక నిజం" అని తెలుసుకున్నాక అందరూ హమ్మయ్య అనుకుని, ఆ చివరి అరగంట వరసగా జరుగుతాందని చూస్తారు. జరగదు! అక్కడే అందరూ పడేది.

పక్కింటామె తలుపు కొట్టే సీన్ తీయండి. డయాన్ లేచి తలుపు తీస్తాది, ఒంటి మీద మాసిన గౌను. పక్కింటామె తన సామాను తీసుకుపోను వస్తాది, గిన్నెలు గట్రా, పోతా పోతా టీపాయ్ మీదున్న పియానో ఆకారం యాష్‌ట్రే కూడా ఎత్తుకుంటాది. అదే టీపాయ్ మీద నీలం తాళంచెవి ఉంటాది, పాజ్ చేసి చూడండి. ఆమె వెళ్లిపోయినాక డయాన్ కాఫీ పెట్టుకుని కప్పు పట్టుకుని సోఫా దగ్గరికి నడుస్తాది, సోఫా వెనక నుంచి ఎక్కేసరికి చేతిలో కప్పు లేదు, గ్లాసుంది, గౌను లేదు, నిక్కరుంది, సోఫాలో డయాన్ ప్రేమించిన కమిల్లా ఉంది. ఇప్పుడు టీపాయ్ చూడండి. యాష్‌ట్రే ఉంది! ఇందాకే కదా పక్కింటామె పట్టుకుపోయింది? మళ్లీ తెచ్చిచ్చిందా? లేదు నాయనా, మనం వెనక్కి పోయినాం, ఇది పాత సంగతి, డయాన్‌కి గుర్తొస్తాంది. నడిచింది నాలుగడుగులు, వెనక్కి పోయింది ఎన్నో రోజులు. "కొంతకాలం ముందు" అని లించ్ తెర మీద రాయడు, యాష్‌ట్రే పెడతాడు, అంతే.

ఇప్పుడు తాళంచెవి. కమిల్లాను చంపను డయాన్ మాట్లాడుకున్న కిరాయి హంతకుడు హోటల్లో పని అయిపోతే ఇది కనిపిస్తాదని దాన్ని చూపిస్తాడు. ఆ హోటల్ సీన్ సినిమాలో తర్వాత వస్తాది, కానీ తాళంచెవి టీపాయ్ మీద ముందే చూసినాం. అంటే తలుపు కొట్టే వేళకే పని అయిపోయింది, కమిల్లా లేదు. వంటగదిలో డయాన్ "వచ్చినావా" అన్నట్టు కమిల్లాను చూసి మురిసేది లేని మనిషిని చూసి. ఇది తెలిసినాక ఆ ముఖం ఇంకోసారి చూడండి, నేను ఉగ్గాని ప్లేటు పక్కన పెట్టేసినా ఆ రోజు.

వరస తెలిస్తే సరుకు యాడిదో కూడా తెలుస్తాది. కథలో ఒక డైరెక్టర్ ఉన్నాడు కదా, ఆయన ఇంట్లో పార్టీ ఉంది చూడండి, అది గోడౌను. కలలో అపార్ట్‌మెంట్ చూసుకునే కోకో అక్కడ డైరెక్టర్ తల్లి. కలలో కాఫీ నచ్చక తువ్వాల్లోకి ఊసిన పెద్దమనిషి అక్కడ ఊరికే కూర్చోనుంటాడు. కలలో వచ్చిన కౌబాయ్ వెనక నుంచి పోతాడు. హోటల్ పిల్ల చొక్కాకి బెట్టీ అని పేరుంటాది, డయాన్ ఆ పేరెత్తుకుపోయి కలలో తానే పెట్టుకుంది. మనకీ అట్లే కదా, పొద్దున రేషన్ షాపులో కసిరినాయన రాత్రి కల్లో పదో తరగతి లెక్కల సారై బెత్తం పట్టుకుంటాడు.

అన్నీ ఇట్లా అతకవు, అతికించొద్దు. లించ్ దీన్ని 1999లో టీవీ సీరియల్ కోసం మొదలుపెట్టినాడు, ఛానల్ వద్దనింది, తర్వాత ఫ్రెంచి డబ్బుతో ఇంకొంత తీసి 2001లో సినిమా చేసినాడు. మొదట్లో ఇద్దరు డిటెక్టివులు వచ్చి మళ్లీ పత్తా ఉండరు కదా, వాళ్లల్లో అర్థం వెతకొద్దు. లించ్‌ని అడుగుదామన్నా 2025 జనవరిలో పోయినాడు, ఉన్నప్పుడూ చెప్పలేదు. డీవీడీతో పది క్లూలిచ్చినాడు, వాటిలో ఒకటి గౌను, యాష్‌ట్రే, కాఫీ కప్పు చూసుకోమని. నా మాట నమ్మకపోతే ఆయన మాటైనా వినండి.

అభ్యాసం. డయాన్ లేచినప్పటి నుంచి చివరిదాకా సౌండ్ తీసేసి చూడండి. పాత క్యాలెండర్ కాగితాలు చింపి ఒక్కో సీన్ ఒక్కో ముక్క మీద రాయండి, ప్రతి ముక్క మీదా గౌను, యాష్‌ట్రే, తాళంచెవి ఉన్నాయా లేవా రాయండి, కనిపించకపోతే "తెలీదు" అని రాయండి, ఊహించి రాయొద్దు. తర్వాత నేల మీద పరిచి నిజంగా జరిగిన వరసలో పేర్చండి. ఫ్యాన్ ఆపి చెయ్యండి, నేను మొదటిసారి ఆపకుండా గంటన్నర పని మంచం కిందికి పోగొట్టుకున్నా. రెండు ముక్కలు యాడ పెట్టాలో తెలీక మిగులుతాయి. అవి ఏవో, ఎందుకు మిగిలినాయో నాకు రాయండి, మిగతావి పంపొద్దు. నీలం గురించి ఎవ్వరూ రాయొద్దు.