ఎస్‌ఏపీలో తప్పుల వేట – 4వ పాఠం: తెర మీద లేని ఫీల్డును అడిగితే

కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీలో ఎర్రర్ మెసేజ్ మీద డబుల్ క్లిక్ చేసి దాని నంబరు పట్టుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ అలవాటుతోనే పని. ఫైనాన్స్‌లో కొత్తవాళ్లను బాగా ఏడిపించే తప్పు ఒకటుంది: కాస్ట్ సెంటర్ (ఖర్చు ఏ విభాగానిదో చెప్పే కోడ్) దగ్గర సిస్టమ్ ఆగిపోతుంది, తీరా చూస్తే స్క్రీన్ మీద కాస్ట్ సెంటర్ గడే ఉండదు.

ఆ మెసేజ్ ఎఫ్5 272. పోస్టింగ్ కీ (ఎంట్రీ డెబిటో క్రెడిటో చెప్పే కోడ్) 40కీ, 476000 అకౌంటుకీ కాస్ట్ సెంటర్ ఫీల్డు విషయంలో నియమాలు తప్పుగా పెట్టారని దాని సారాంశం. నిదానంగా మళ్లీ చదవండి. ఒక పోస్టింగ్ కీ, ఒక జీఎల్ (జనరల్ లెడ్జర్) అకౌంట్: రెండు పేర్లున్నాయి. ఆ ఫీల్డు సంగతి రెండూ తేలుస్తాయి. సప్రెస్ (దాచడం), రిక్వైర్డ్ (తప్పనిసరి), ఆప్షనల్‌లలో ఏదో ఒకటి రెండు చోట్లా పెట్టి ఉంటుంది. ఒకచోట ఆప్షనల్ ఉంటే రెండోదాని మాట చెల్లుతుంది. ఒకచోట రిక్వైర్డ్, ఇంకోచోట సప్రెస్ ఉంటే మాత్రం రాజీ కుదరదు, సిస్టమ్ చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు రెండు వైపులా చూద్దాం. ముందు అకౌంట్ వివరాలుండే స్క్రీన్ ఎఫ్ఎస్00లో అకౌంట్ తెరవండి. ఫీల్డ్ స్టేటస్ గ్రూప్ (ఏ ఫీల్డు కనిపించాలో, ఏది తప్పనిసరో చెప్పే నియమాల గుంపు) దగ్గర జీ004 అని ఉందనుకోండి. దాని మీద డబుల్ క్లిక్ చేసి అడిషనల్ అకౌంట్ అసైన్‌మెంట్స్‌లోకి వెళ్లి కాస్ట్ సెంటర్ వరుస చూడండి. తర్వాత పోస్టింగ్ కీల స్క్రీన్ ఓబీ41లో కీ 40 తెరిచి, మెయింటైన్ ఫీల్డ్ స్టేటస్ నొక్కి అదే వరుస చూడండి. రెండూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. నేను ఇప్పటికీ రాసుకుంటాను. రెండు స్క్రీన్ల మధ్య తిరిగేసరికి ఏది ఎక్కడ చూశామో కలగాపులగం అయిపోతుంది.

ఎఫ్‌బీ50లో ఎంట్రీ వేసేవాళ్లు "మేము పోస్టింగ్ కీ ఇవ్వనే లేదు కదా" అంటారు. అక్కడ డెబిట్, క్రెడిట్ ఎంచుకుంటే మామూలుగా 40, 50 వెనకనుంచి వాటంతట అవే వస్తాయి.

దిద్దేది ఎక్కడ? 40, 50 కీలలో ఇలాంటి ఫీల్డులన్నీ ఆప్షనల్‌గా వదిలేసి, అదుపంతా అకౌంట్ వైపే ఉంచడం మేలు. కీ 40 ఎన్నో అకౌంట్లకు వాడతాం. ఒక అకౌంట్ కోసం దాన్ని బిగిస్తే మిగతావన్నీ ఇరుక్కుంటాయి. జీ004 విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ఒకచోట నా కళ్లముందే ఒకరు ఒక్క ఖర్చు అకౌంట్ కోసం ఆ గ్రూపునే రిక్వైర్డ్ చేశారు. అదే గ్రూపులో ఉన్న మిగతా అకౌంట్ల పోస్టింగులు మధ్యాహ్నానికల్లా ఆగిపోయాయి. అందుకే ఈ గ్రూపులుండే స్క్రీన్ ఓబీసీ4లో గ్రూపును కాపీ చేసి, కొత్త పేరు పెట్టి, ఆ ఒక్క అకౌంటుకే తగిలించండి. అదీ మీ కంపెనీ కోడ్‌కు కట్టిన (ఇలాంటి గ్రూపులన్నీ ఉండే) వేరియంట్‌లోనే. వేరే వేరియంట్‌లో జీ004 అనే పేరుతోనే వేరే నియమాలు ఉండొచ్చు.

కేఐ 235 దీనికి దగ్గరి చుట్టం. అకౌంటుకు ఒక సీఓ ఆబ్జెక్ట్ (కాస్ట్ సెంటర్ లాంటిది) కావాలని అడుగుతుంది. ఇక్కడ పట్టుబట్టేది ఫీల్డ్ స్టేటస్ కాదు, కంట్రోలింగ్ (సీఓ), అంటే కంపెనీ లోపలి ఖర్చుల లెక్క చూసే భాగం. ఖర్చు అకౌంట్ కాస్ట్ ఎలిమెంట్ (కంట్రోలింగ్ లెక్కలో ఖర్చు రకం) కూడా కాబట్టి ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడాలో దానికి తెలియాలి. రెండు చోట్లా ఫీల్డును సప్రెస్ చేస్తే ఎఫ్5 272 రాదు, కానీ కేఐ 235 వస్తుంది. ఈ తేడా తెలియక ఓబీ41లో గంటలు గంటలు వెతుకుతారు. ఫీల్డును తెరవండి, లేదా ఓకేబీ9లో డిఫాల్ట్ కాస్ట్ సెంటర్ ఇవ్వండి. తోచిన కాస్ట్ సెంటర్ ఏదో ఒకటి డిఫాల్ట్‌గా పడేసి తప్పించుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. ఎర్రర్ పోతుంది గానీ ఖర్చు తప్పు విభాగం నెత్తిన పడుతుంది, నెలాఖరున దాన్ని వెతికి తీయడం నరకం.

బ్యాచ్ ఇన్‌పుట్‌లో (రికార్డు చేసిన స్క్రీన్ల దారిలో సిస్టమే ఎంట్రీలు వేసే పద్ధతి) ఇదే జబ్బు 00 349గా బయటపడుతుంది: ఫలానా ఫీల్డు ఫలానా స్క్రీన్‌లో లేదని. రికార్డింగ్ చేసిననాడు కనిపించిన గడిని తర్వాత ఎవరో సప్రెస్ చేసి ఉండొచ్చు. సెషన్‌ను అన్ని స్క్రీన్లూ చూపించే మోడ్‌లో నడిపి, ఆగిన చోట కళ్లతో చూడండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. టెస్ట్ క్లయింట్‌లో కీ 40 కాస్ట్ సెంటర్‌ను ఆప్షనల్‌గానే ఉంచి, కాపీ చేసిన గ్రూపులో రిక్వైర్డ్, సప్రెస్ ఒక్కొక్కటిగా మార్చి అదే ఎంట్రీ వేయండి. ప్రతిసారీ వచ్చిన మెసేజ్ నంబరు రాసి ఉంచండి. 5వ పాఠంలో అక్కడినుంచే మొదలుపెడదాం.