పరిచర్యకు ఆర్థిక సహకారం, 4వ పాఠం: ఎంత కావాలో చెప్పి ఆగండి

గత పాఠంలో, పరిచర్యకు సహకారం అడగదగ్గ వాళ్ల పేర్ల జాబితా రాయమన్నాను. చాలామంది రాశారు, సంతోషం. కానీ ఆ పేర్లన్నిటికీ ఒకే వాట్సాప్ మెసేజ్ పంపేసి, "ప్రార్థిస్తున్నాం బ్రదర్" అన్న జవాబులే వచ్చాయని నిరుత్సాహపడ్డారు. వాళ్ల తప్పేం లేదు. మీరు ప్రార్థించమన్నారు, వాళ్లు ప్రార్థిస్తున్నారు. డబ్బు మాట ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఈసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఎందుకు కలవాలో ఫోన్‌లోనే చెప్పేయండి: "అన్నా, పరిచర్యకు నెలనెలా సపోర్ట్ చేసేవాళ్ల కోసం చూస్తున్నాను, మీతో మాట్లాడాలి." కాఫీకని పిలిచి అక్కడ డబ్బు విషయం ఎత్తడం నాకు నచ్చదు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పనిచేసేవాళ్లయితే శనివారం ఉదయం అడగండి. పనిరోజు సాయంత్రం ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన మనిషికి ఏదీ వినే ఓపిక ఉండదు.

ఇక అసలు చిక్కు. "మీకు వీలైతే, ఎంతో కొంత, ఇబ్బందైతే వద్దులెండి అన్నా." ఈ మాట దయచేసి మానేయండి. ఇది వినయం అనుకుంటారు, కాదు. ఎదుటివాడికి 200 అడిగారో 20,000 అడిగారో తెలియదు. చేతికొచ్చిన 500 ఇచ్చి పంపేస్తాడు, మళ్లీ నెల మీరు మళ్లీ మొదటికే. "నెలకు 1,000 రూపాయలు, ఒక ఏడాది పాటు ఇవ్వగలరా అన్నా?" అనండి. అన్నాక ఆగండి. ఆయన మనసులో ఈఎంఐ, పిల్లల ఫీజు, ఊళ్లో అమ్మకు పంపేది లెక్క వేసుకుంటున్నాడు. వేసుకోనివ్వండి. మధ్యలో "పర్లేదన్నా" అన్నారంటే ఆయన జవాబు మీరే చెప్పేసినట్టు. సంఘానికి ఇచ్చే దశమ భాగం (ఆదాయంలో పదో వంతు) మాత్రం అడగకండి. అది అక్కడికే చెందాలి.

తక్కువ జీతం వాళ్ల పేర్లు కొట్టేయకండి. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి వంట వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి పరిచర్యను నిలబెట్టారు. కట్టడం పనులకు వచ్చిన మనవాళ్ల పిల్లలకు ఇక్కడ మేం పాఠాలు చెబుతాం. నర్సుగా చేసే ఒక చెల్లెమ్మ దానికి నెలకు 200 పంపుతుంది. యూపీఐ నోట్‌లో ఒక పిల్లవాడి పేరు ఉంటుంది, ఆ నెలంతా ఆమె ప్రార్థించే పిల్లవాడు. ఫోన్‌లో ఆ పేరు చూసిన రోజు నాకు పండగే. అడగకపోతే ఆమెకూ, ఆ పిల్లవాడికీ, నాకూ ఈ సంతోషం ఎక్కడిది?

విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువు ఇచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ ద్వారానే రావాలి, మీ సొంత ఖాతాకు వేయించుకోకండి. నగదు 2,000 దాటితే విరాళంపై ఆదాయపన్ను మినహాయింపు (80జీ) రాదని ముందే చెప్పండి.

అభ్యాసం: వచ్చే ఆదివారంలోపు ముగ్గురిని ఎదురుగా కూర్చుని అడగండి. అందులో ఒకరు, "పాపం, ఏమిస్తారులే" అని మీరు కొట్టేసిన పేరు కావాలి. ఇచ్చినా ఇవ్వకపోయినా అదే రోజు కృతజ్ఞతలు రాయండి. "ఆలోచించి చెబుతా" అన్నవాళ్ల సంగతి 5వ పాఠంలో.